నాచు డబ్బాలో మట్టి

షిజువోకా
1998 ఫిబ్రవరి 18

కినుయో వదిన గారికి,

ఆఖరి రోజు ఎలా గడిచిందని మీరు ఫోన్లో అడిగారు. చెప్పలేకపోయాను. రాస్తున్నాను.

తొమ్మిదో తారీకు, సోమవారం. పొద్దున్న ఫుసాయే గంజి రెండు చెంచాలు తాగింది. ఊరవేసిన ఉమె పండు నాలుక మీద పెట్టుకుని పులుపు తెలుస్తోందంది. కిటికీ తీయమంది. మబ్బుల వల్ల ఫుజి కొండ కనబడలేదు. శరదృతువులోనే నా పనిబల్లను ఆమె మంచం పక్కకు మార్చానని మీకు తెలుసు. ఆ రోజు కూడా అక్కడే కూర్చుని, పలక మీద చిన్న బొమ్మలతో చేస్తున్న డయోరమాలో లారీకి టార్పాలిన్ కప్పుతున్నాను. పల్చటి కాగితాన్ని జిగురునీళ్లలో తడిపి చేస్తాం దాన్ని.

"ఏమండీ, ఆ గుడ్డ మరీ పెళ్లి పందిరిలా ఉంది. మన పక్కదుప్పట్లు చూడండి, నెలకోసారి ఉతికేవాళ్ల ఇంట్లో గుడ్డ ఎలా ఉంటుందో" అంది. నవ్వడానికి ఓపిక లేక కళ్లు మూసుకుంది.

మధ్యాహ్నం నర్సు వచ్చి వెళ్లింది. ఆ తర్వాత ఫుసాయే "మట్టి వచ్చిందా?" అని అడిగింది. "మీ అక్క ఇంకా కొండల్లోనే ఉంది" అన్నాను. "వచ్చేదాకా ఉంటానా?" అంది. "ఉంటావు" అన్నాను. ముప్పై ఏళ్లు పిల్లలకు సైన్సు చెప్పినవాడు అనవలసిన మాట కాదది.

సాయంత్రం టీ పెట్టుకొచ్చేసరికి ఊపిరి లేదు. కప్పులో టీ ఇంకా వేడిగానే ఉంది.

మీ బృందానికి కబురు ఆలస్యంగా అందింది. అది ఎవరి తప్పూ కాదు. దహనం అయింది. కలశం ఇంట్లో పీఠం మీద ఉంది. నలభై తొమ్మిదో రోజు మార్చి 29న వస్తుంది. ఆ రోజు సమాధిలో ఉంచుతాం.

అత్తయ్య గారి దగ్గు తగ్గిందని తలుస్తాను.

తత్సుహికో


ఈదా
ఫిబ్రవరి 24

మరిది గారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగోసారి అమ్మ కోసం పైకి చదివాను. టీ దగ్గర ఆగిపోయాను. అమ్మ "ఇక చాల్లే" అంది.

ఫోన్ చేస్తే మీరు ఎత్తడం లేదు. ఎత్తకండి. నేనూ ఫోన్లో ఏడవడమే తప్ప మాట్లాడేదేం లేదు. మనకి ఉత్తరాలే నయం.

నేను వెళ్లకుండా ఉండవలసింది. కానీ ఫుసాయే ఒప్పుకుందా? "నువ్వు వెళ్లకపోతే నాన్న దగ్గరికి ఇంకెవరు వెళతారే? నేను ఎటూ వెళ్లేదాన్నే, ముందు నువ్వెళ్లి దారి చూసి రా" అంది. అలాంటి మాటలనేసి తనే నవ్వేది. నాన్న యుద్ధానికి బయలుదేరేటప్పటికి అది అమ్మ కడుపులో ఉంది. తండ్రి మొహం చూడని పిల్ల.

బస్సులో మేం పద్దెనిమిది మందిమి, అందరం యుద్ధంలో లుజాన్ దీవిలో పోయినవాళ్ల తాలూకే. సెందాయ్ నుంచి వచ్చిన ఒక ముసలావిడ కొండెక్కుతూ రొప్పుతూ ఏమందనుకున్నారు? "కాపురం చేసిన రెండేళ్లలో ఒక్క కొండెక్కించలేదు ఆ మనిషి. చచ్చి ఎక్కిస్తున్నాడు!" బస్సంతా నవ్వాం. పైకి వెళ్లాక ఆవిడే లోయలోకి వంగి ఆయన పేరు పెట్టి అరిచింది. ఆ పేరు చివర్న ఎంతసేపు నిలబడిందో ఆ గొంతు! నేను అరవలేకపోయాను. వంగి మట్టి తీసుకున్నాను. అక్కడ మట్టి ఎర్రగా, తడిగా, చేతికి అంటుకుపోయేలా ఉంది.

ఫుసాయే అడిగిన ఆ మట్టినే మీకు పంపుతున్నాను. ఎప్పటిలా, తినే సముద్రపు నాచు వచ్చే ఆ రేకు డబ్బాలోనే. ఆ డబ్బా మా ఇద్దరి మధ్య ఎన్నిసార్లు తిరిగిందో! ఒకసారి దాన్నిండా టీ వచ్చేది, ఒకసారి మట్టి వెళ్లేది. తెచ్చినదంతా పంపేశాను, నాకూ అమ్మకీ ఉంచుకోలేదు. అదంతా దానికే. మీకు వేరే చెప్పనక్కర్లేదుగా.

ఇక్కడ ఇంకా మంచు. శుభకార్యాల కవర్లకి ఎరుపూ తెలుపూ తాళ్లు ముడివేసే పని వచ్చి పడింది. పెళ్లిళ్ల కాలం కదా. చావు కవర్లకి కట్టే నలుపూ తెలుపూ పట్టుకోబుద్ధి కాక ఆ కట్ట పక్కకి పెట్టేశాను.

వేళకి తినండి. మీరు తినరని తెలిసే రాస్తున్నాను.

కినుయో


షిజువోకా
మార్చి 5

కినుయో వదిన గారికి,

మట్టి అందింది. ఆ ఎరుపు నేనింతవరకు కలిపిన ఏ రంగులోనూ రాలేదు. అంతా వాడేశాను. చక్కగా కుదిరింది. ఇప్పుడు అది పీఠం దగ్గర ఫుసాయే పక్కనే ఉంది. ఆమె అడిగినట్టే జరిగింది. ఈ నెల రోజుల్లో నాకు తృప్తినిచ్చిన పని ఇదొక్కటే.

నేను తింటున్నాను. నిన్న బొమ్మల దుకాణం కొకుబు ఈల్ చేప అన్నం తెచ్చి, తను సగం తిని వెళ్లాడు. మా బొమ్మలు చేసేవాళ్ల క్లబ్బు ప్రదర్శన ఈ నెల ఇరవయ్యొకటిన మొదలవుతుంది. రానన్నాను. "పెళ్లాం పోయి నెల తిరక్కుండా ట్యాంకులేంటని ఎవరన్నా అంటారనా? అనేవాణ్ణి నేనొక్కణ్ణే. ఇదిగో, అనేశాను. ఇక పద" అన్నాడు. అతని పద్ధతి అంత.

డబ్బా కడిగి, కొత్త టీ వచ్చాక నింపి పంపుతాను.

తత్సుహికో


ఈదా
మార్చి 10

మరిది గారికి,

మీ ఉత్తరం చదివి కుదుటపడ్డాను. కలశంలో పెట్టేశారన్నమాట! 'వాడేశాను' అని రాస్తే నవ్వొచ్చింది. దుఃఖంలో కూడా మాస్టారి మాట మాస్టారిదే. ఫుసాయే ఉంటే "మా ఆయన నన్ను కూడా వాడేశాననే రాస్తాడు" అనేది.

ఇప్పుడు ఒక్క కోరిక. నాది కాదు, అమ్మది. అదంతా పంపేశానని తెలిశాక నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. "ఏమే కినూ, యాభై మూడేళ్లకి ఆ మనిషి దగ్గర్నించి ఏదో ఒకటి ఇంటికొస్తే, నా చేతికి తగలనివ్వకుండా పోస్టు చేస్తావా? నేనేం పోస్టాఫీసు కన్నా పరాయిదాన్నా?" అంది. అప్పుడు జ్వరంతో పడుకుని ఉందని, లేపడం ఇష్టం లేక పంపేశాను. నాదే తప్పు.

మీకు ఫుసాయే చెప్పిందో లేదో. యుద్ధమయ్యాక సర్కారు వాళ్లు నాన్న అస్థికలంటూ తెల్లగుడ్డ చుట్టిన పెట్టె ఒకటి ఇచ్చారు. అమ్మ దాన్ని మెడకి వేలాడదీసుకుని స్టేషన్నుంచి నడిచింది. నేను పక్కన. అడుగు తీసి అడుగు వేస్తే లోపల టక్కుటక్కుమనేది. ఇంటికొచ్చి చూస్తే గులకరాయి. ఏ నదిదో కూడా తెలియదు. అమ్మ ఆ రాయినే సమాధిలో పెట్టి ఇన్నేళ్లూ దండం పెడుతోంది. అందుకే ఫుసాయే అడిగింది: "నాకైనా నిజంగా నాన్నున్న చోటి మట్టి పెట్టండి" అని.

కాబట్టి 29న కలశం లోపల పెట్టేముందు ఒక్కసారి మూత తీయండి. అమ్మ చెయ్యి పెట్టి చూస్తుంది. అంతే. ఎనభై ఒకటో ఏట బస్సులో అంత దూరం వస్తానంటోంది. మంచు కూడా కరుగుతోంది. కలశం మీది గుడ్డకి కట్టడానికి తాడు తనే ముడివేస్తోంది, నలుపూ తెలుపూ. వేళ్లు సరిగ్గా వంగకపోయినా నన్ను ముట్టుకోనివ్వడం లేదు.

కినుయో


షిజువోకా
మార్చి 14

కినుయో వదిన గారికి,

మీ ఉత్తరం అందింది.

ఇక్కడ ఉమె పూలు రాలిపోయాయి. పక్కింటివారి గోడ మీద మాగ్నోలియా మొగ్గ తొడిగింది. ఈ ఏడు చలి తొందరగా తగ్గింది. టీ తోటల్లో మంచు పడకుండా గాలి పంకాలు తిప్పే అవసరం కూడా ఇంకా రాలేదు. సముద్రం వైపు నుంచి పొద్దున్నే గాలి వీస్తోంది. ఫుజి మూడు రోజులుగా స్పష్టంగా కనబడుతోంది.

అత్తయ్య గారికి ఆ వయసులో అంత దూరం బస్సు ప్రయాణం మంచిది కాదు. 29న వాన పడవచ్చని కూడా అంటున్నారు. కలశం మూత తీయడం గురించి గుడి పెద్దలను అడగాలి. పద్ధతులు ఉంటాయి. వేసవిలో, పెద్దల పండుగ ఓబోన్ రోజుల్లో మీరిద్దరూ తీరిగ్గా వస్తే మేలేమో.

ఆరోగ్యం జాగ్రత్త.

తత్సుహికో


ఈదా
మార్చి 17

మరిది గారికి,

మీరు పూల గురించి అన్ని మాటలు రాయడం ఇదే మొదటిసారి. అప్పుడే అర్థమైంది.

ఆఖరి గడియల్లో నేను లేనని మీ మనసులో ఉంది. ఉండాలి కూడా. సొంత చెల్లెలు పోతుంటే సముద్రం దాటి కొండలెక్కిన అక్క నేను. మీరు ఒక్క మాట అనలేదు. 'ఎవరి తప్పూ కాదు' అని రాశారు. ఆ మాట నమ్మి, సిగ్గు లేకుండా మూతలు తీయండి, మట్టి చూపించండి అని అడిగాను.

నేను రాను. మా ఊరి వాళ్లెవరినైనా తోడిచ్చి అమ్మని పంపిస్తాను. ఆవిడ మీకేం చేసింది? గులకరాయికి దండం పెట్టిన మనిషి. ఒక్కసారి ముట్టుకోనివ్వండి.

మీ కాళ్లు పట్టుకుంటున్నాననుకోండి.

కినుయో


షిజువోకా
మార్చి 20

కినుయో వదిన గారికి,

మీ మీద నాకు ఏ కోపమూ లేదు. సిగ్గు నాది. మీరు మీది అనుకున్నారు. దాన్ని ఇంకొక్క రోజు కూడా అలా ఉంచలేను.

మట్టి కలశంలో లేదు.

పోయిన ఏడాది ఫుసాయే నాతో అంది: "ఎప్పుడు చూసినా జర్మనీ వాళ్ల ట్యాంకులు, రష్యా మంచు. మనవాళ్లెవరూ పోలేదా ఆ యుద్ధంలో? నాన్న ఉన్న చోటు ఎలా ఉంటుందో ఒకసారి చేసి చూపించండి." అందుకని లుజాన్ కొండదారి చేయడం మొదలుపెట్టాను. రెండు చేతులు ఆనిస్తే కప్పేటంత పలక. దారిలో ఆగిపోయిన లారీ. చక్రం పక్కన కూర్చున్న ఒక సైనికుడు. మీకు చెప్పవద్దంది, పూర్తయ్యాక పిలిచి చూపిస్తానంది. మీరు ఎక్కడికి వెళ్లినా నా డయోరమాల కోసం మట్టి తెమ్మని అడిగేది ఆమే. తొత్తొరి ఇసుక, అసో అగ్నిపర్వతం బూడిద, అన్నీ ఆ నాచు డబ్బాలోనే వచ్చాయి. ఈసారి కూడా ఆమె అడిగింది దీనికోసమేననుకున్నాను. తన కోసం అడిగిందన్న ఆలోచనే రాలేదు. ఆమె పక్కన కూర్చుని కూడా నేను పలకనే చూస్తున్నాను.

ఏం చేశానో చెప్పాలి. మట్టిలో పురుగుల గుడ్లు ఉంటాయి. అందుకని వాడేముందు వేడి చేస్తాం. ఫుసాయే గుడ్లట్టు వేసే పెనం మీద వేయించాను. తర్వాత జల్లెడ పట్టాను. మెత్తటిది జిగురునీళ్లతో పలక మీద పరిచాను. చక్రాల జాడల్లోకి, లారీ కిందికి, సైనికుడి మోకాళ్ల మీదికి. జల్లెడలో మిగిలిన వేళ్లు, రాళ్లు వరండాలో కమేలియా కుండీలో పారబోశాను.

మీ పదో తారీకు ఉత్తరం వచ్చాక కుండీ తవ్వాను. కొన్ని ఎర్రరాళ్లు దొరికాయి. ఏవి అక్కడివో, ఏవి కుండీవో నాకు తెలియదు. ఆ తర్వాతే మీకు పూల గురించి రాశాను.

ఇంకొకటి ఉంది. అన్నీ తెలిశాక కూడా నిన్న ఆ పలకను తీసుకెళ్లి ప్రదర్శన హాల్లో పెట్టి వచ్చాను. కొకుబుకు మాటిచ్చానని నాకు నేనే చెప్పుకున్నాను. నిజం అది కాదు. అంత బాగా నేను ఎప్పుడూ చేయలేదు. నలుగురూ చూడాలనిపించింది.

జిగురు గోరువెచ్చటి నీళ్లలో కొంత కరుగుతుంది. నానబెట్టి, వడగట్టి, ఎంత వస్తే అంత తీయగలను. రంగు, జిగురు పూర్తిగా పోవు. మీరు చెప్పండి. చెప్పినట్టు చేస్తాను. 29న మీరిద్దరూ రావాలి. నా మొహం చూడబుద్ధి కాకపోతే ఆమె కోసం రండి.

తత్సుహికో


ఈదా
మార్చి 24

తత్సుహికో గారికి,

మరిది గారని రాయడానికి చెయ్యి రాలేదు.

మా నాన్నని పెనం మీద వేయించారా? జల్లెడ పట్టారా? యుద్ధంలో పోయిన మనిషి మట్టిని తీసుకెళ్లి యుద్ధం బొమ్మ కింద పరిచారా? పైగా దాన్ని బల్ల మీద పెట్టి ఊళ్లోవాళ్లకి చూపిస్తున్నారా? చదువుకున్నవారు మీరు. మీరు చూడలేనంత చిన్నది ఏదీ ఉండదని ఫుసాయే గొప్పగా చెప్పేది. పక్కన మంచం మీదున్నది కనబడలేదా?

ఇంతవరకు ఆదివారం రాశాను. పోస్టు చేయలేదు. అమ్మకి చెప్పకుండా ఉందామనుకున్నాను. నా మొహం చూసి "ఏమైందే, ఎవరు పోయారు?" అంది. మీ ఉత్తరం చదివేశాను, పెనంతో సహా.

ఆ రోజంతా తాళ్లు ముడివేస్తూ కూర్చుంది. మర్నాడు పొద్దున్న మిసో పులుసు ముందు కూర్చుని, "కడగొద్దను" అంది. నాకు అర్థం కాలేదు. "ఆ మట్టి. నీళ్లలో నానబెడతానన్నాడుగా. వద్దను. ఆ మనిషి అక్కడ వానల్లో నానింది చాలు. ఎలా ఉన్నది అలా తెమ్మను. చెయ్యి పెడతాను. తర్వాత ఫుసాయే పక్కన అలాగే పెట్టమను."

"జిగురుతో గట్టిపడిపోయిందమ్మా" అన్నాను.

"గులకరాయి కన్నా గట్టిదా?" అంది.

తర్వాత చాలాసేపు పులుసు కలుపుతూ ఉండిపోయింది. అప్పుడు అడిగింది. అది మీకు రాయమంది, అందుకే ఈ ఉత్తరం. "ఆ కూర్చున్న సైనికుడి కాళ్లకి ఏముందో అడుగు."

"ఎందుకు?" అన్నాను. "రైలెక్కేముందు మీ నాన్న నాతో అన్న ఆఖరి మాట ఏమిటనుకున్నావు? దేశం గురించా, నీ గురించా? 'కొత్త బూట్లు కరుస్తున్నాయే' అన్నాడు. నేను 'నాలుగు రోజులు నడిస్తే మెత్తబడతాయిలే, పోండి' అన్నాను. రైలు కదిలిపోయింది. అవి మెత్తబడ్డాయో లేదో నాకు ఎవరు చెబుతారు?"

ఈ సంగతి నాకు కూడా ఇన్నేళ్లూ చెప్పలేదు.

శనివారం సాయంత్రం బస్సుకి వస్తున్నాం. నేనూ వస్తున్నాను. నా కోపం పోలేదు.

కినుయో


షిజువోకా
మార్చి 26

కినుయో వదిన గారికి,

అత్తయ్య గారి ప్రశ్నకు జవాబు రాయాలి. ఈ ఉత్తరం ఎక్స్‌ప్రెస్‌లో పంపుతున్నాను. వచ్చి చూసి తెలుసుకోవడం కన్నా ముందే తెలియడం మంచిది.

ఆయన కాళ్లకు ఏమీ లేదు.

నేను అలా చేశాను. పాత ఫొటోలు ముందు పెట్టుకుని, బూట్లు అరిగిపోయి ఊడిపోయాక ఎలా నడిచేవారో చూసి చేశాను. ఒక కాలికి పేలిక చుట్టాను. రెండో కాలు ఒట్టిది. బియ్యపు గింజలో సగం కూడా లేని ఆ పాదం మీద రెండు వారాలు పని చేశాను. వేళ్ల మధ్య పుండ్లకు మూడు రకాల ఎరుపు కలిపాను. భూతద్దంలో చూసి, నిజంగానే ఉందని సంతోషించాను. ఫుసాయే చూసి "పాపం" అంది. నేను దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను.

ఈ మధ్యాహ్నం హాలుకు వెళ్లాను. నా పలక చుట్టూ మనుషులున్నారు. పక్కన బంగారు రంగు కాగితం అంటించారు, బహుమతి వచ్చినట్టు. ఒకాయన తన స్నేహితుడితో "ఆ కాలి వేళ్లు చూశావా? నొప్పి తెలిసిపోతోంది" అంటున్నాడు. "ముట్టుకుంటే అరుస్తాడేమో!" అని రెండో ఆయన నవ్వాడు. వాళ్ల తప్పేమీ లేదు. అలా అనిపించాలనే చేశాను. నేనే చేశానని చెప్పుకోలేక, టోపీ తీయకుండా బయటికి వచ్చేశాను.

కొకుబు వెనకే వచ్చాడు. సంగతి చెప్పాను. అతను నవ్వకపోవడం నేను మొదటిసారి చూశాను. "ప్రదర్శన ఆదివారం దాకా ఉందని ఎవడైనా అడ్డొస్తే నా దగ్గరికి పంపు" అన్నాడు. తర్వాత, "ఆ ముసలావిడ మాత్రం మన జడ్జీలందరి కన్నా సరైన చోట చూసింది" అన్నాడు.

గుడి పూజారిని కూడా అడిగాను, ఈసారి నిజంగానే. సమాధి రాయి కింద కలశం పక్కన చోటుందని, పలక పట్టేటట్టు కోస్తే పెట్టవచ్చని చెప్పారు. ఎర్రరాళ్లు అన్నీ కలశంలోనే వేస్తాను. వాటిలో కుండీవి ఉన్నా, ఆ కమేలియా ఫుసాయే పెంచినదే.

క్షమించమని అడగడం లేదు. మీ కోపం ఉండనివ్వండి.

రేపు పొద్దున్న హాలు తలుపులు తీయగానే వెళ్లి పలక తెచ్చుకుంటాను. ముందు లారీ ఊడదీస్తాను. మట్టిని కడగను. తర్వాత బల్ల ముందు కూర్చుని ఆయన కాళ్లకు బూట్లు చేస్తాను. కొత్తవి కాదు. చాలా దూరం నడిచి మెత్తబడినవి, కరవనివి.

తత్సుహికో